ఆరని యూనిఫాంలు

పత్రికలు అగ్రరాజ్యాన్ని పెద్దన్న అంటుంటాయి. మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది. సైన్యం లేదు గానీ సలహాలకు కొదవ లేదు.

గల్ఫ్‌కు పోవాలా వద్దా అని తమ్ముడు ఊగిసలాడుతున్నప్పుడు, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ ఆదివారం కొన్న పాత అట్లాసును అతని ముందు పరిచాను. నాంపల్లి స్టేషన్‌కు దారి అడిగినవాళ్ళను గౌలిగూడకు పంపిన చరిత్ర నాది. ప్రపంచ పటం ముందు మాత్రం ఎన్నడూ తడబడలేదు.

"గీ చిన్న దేశం జూడు తమ్మీ. పక్కన ఇరుకు సముద్రం. చమురు ఓడలన్నీ గీడికెల్లే పోవాలె. గందుకే పెద్దన్న గీడ విమానాలు, ఫౌజు దించిండు. నీ మీద ఈగ వాలనిస్తడా?"

"ఆళ్ళ దోస్తానా ఆ దేశంతోనా అన్నా, ఆ జాగతోనా?"

"రెండూ ఒకటే లేరా," అన్నాను. అతను నమ్మాడు. నన్ను నమ్మిన మనిషి ఇంటి మొత్తంలో అతనొక్కడే.

అక్కడ పెద్దన్న సైనికుల బట్టలుతికే లాండ్రీలో చేరాడు. నంబరు చీటీలతో సంచులు వస్తాయి, మూడో రోజు తిరిగి పోతాయి. చొక్కా అంచున తడి తగిలినా సూపర్‌వైజర్ సంచిని గేటు దాటనివ్వడు. మధ్యాహ్నం అన్నం వేళ తమ్ముడు ఫోన్ చేస్తే, నేను మొజంజాహీ మార్కెట్ దగ్గరి చాయ్ హోటల్లో స్పీకర్ పెట్టి నలుగురికీ వినిపించేవాణ్ణి. గల్ఫ్‌కు పోయింది అతను, గప్పాలు కొట్టింది నేను.

ఈ మధ్య ఆ సముద్రం అవతలి దేశంతో పెద్దన్నకు మాటలు ముదిరాయి. "ఏం గాదు," అన్నాను హోటల్లో, ఎవరూ అడగకుండానే.

నిన్న ఫోన్ వచ్చింది.

"అన్నా, ఇయ్యాల పొద్దుగాల ఫౌజు లారీలు వచ్చినయి. బట్టలన్నీ తీస్కపోయిన్రు."

"ఉతికినయేనా?"

"ఉతికినయి, ఉతకనియి, అన్ని. తిరిగే మిషన్లు ఆపి, నీళ్ళు కారంగనే సంచులల్ల కుక్కిన్రు."

"ఇస్త్రీ గూడ ఒద్దన్నరా? అయితే పెండ్లికి కాదు తీ!" అన్నాడు పక్క బల్ల దగ్గరి దోస్తు. అలవాటుగా నేనూ నవ్వబోయాను.

"కొత్త సంచులు?" అన్నాను.

"రాలె."

"మరి మీరు?"

"మమ్ముల గీడనే ఉండమన్నరు. మిషన్లకు కావలి."

స్పీకర్ ఆపి ఫోన్ చెవికి ఆనించుకున్నాను. అతని వెనక ఏ చప్పుడూ లేదు. ఇన్నేళ్ళలో ఆ మిషన్ల హోరు లేకుండా అతని గొంతు వినడం అదే మొదటిసారి.

"నువ్వే జెప్పు అన్నా. ఉండాల్నా, రావాల్నా?"

అట్లాసులో ఆ దేశం ఎంత చిన్నదంటే, పేరు నేల మీద పట్టక సముద్రంలో అచ్చువేశారు. ఆ రోజు దాన్ని వేలితో చూపించినప్పుడు దేశమంతా నా గోరు కిందనే ఉంది.

"వచ్చెయ్ తమ్మీ. ఇయ్యాలనే."

"పాస్‌పోర్టులు సూపర్‌వైజర్ అల్మారల పెట్టి తాళమేసిండే."

"పోయి అడుగు మరి!"

"ఎవరిని అడగాలె అన్నా? ఆ తడి సంచుల లారీ ఎక్కి ఆయన గూడ పోయిండు."