బోర్డు మీద సున్నా

పోయిన మంగళవారం సాయంత్రం నాలుగూ పదికి గజపతినగరంలో మా బావ ఆఫీసు గది ముందు ఒక చిన్న ట్రక్కు వచ్చి ఆగింది. మా అక్క భర్త ఆయన. పోయి నెల దాటింది. గది యజమాని ఖాళీ చేయమని అడగడంతో సామాను విజయనగరంలో మా ఇంటికి తెచ్చుకుందామని, ఈ రోజుల్లో అందరూ చేసినట్టే నేనూ ఫోన్‌లో ఆ బండిని పిలిచాను. డ్రైవరు నడివయసు మనిషి. సామాను ఎవరిదని అడగలేదు, అడగవలసిన అవసరమూ అతనికి లేదు. ఫోన్‌కి వచ్చిన అంకెలు చెప్పమన్నాడు, చెప్పాను. బల్లలూ బీరువా ఎక్కించాక గోడకున్న నల్లబోర్డు దించుతూ, "ఇదేటి సార్, బడెట్టీవోరా ఇక్కడ?" అన్నాడు. కాదు, లారీ ఆఫీసు అన్నాను. "లారీలకి బోర్డెందుకండీ" అని నవ్వాడు. టీ తాగి వెళ్దామంటే, ఆలస్యమైతే తర్వాతి బుకింగు తనకు రాదని చెప్పి బండి తీశాడు. అతని పక్కన కూర్చుని విజయనగరం వచ్చేదాకా లారీలకు బోర్డెందుకో నాలో నేనే చెప్పుకుంటూ వచ్చాను.

రాయపూర్ వైపు వెళ్ళే రోడ్డు మీద పెరిగిన నా ఈడువాళ్ళకు ఇది గుర్తుండే ఉంటుంది. అప్పట్లో గోగునార బేళ్ళు గానీ, బెల్లం గానీ, మామిడికాయలు గానీ బయటి రాష్ట్రానికి వెళ్ళాలంటే వ్యాపారి ముందు బావ ఆఫీసుకి ఫోన్ చేసేవాడు. ఊరికి తిరిగొచ్చిన లారీల నంబర్లు వచ్చిన వరసలో బోర్డు మీద సుద్దతో రాసి ఉండేవి. పై నంబరుకి లోడు, ఆ నంబరు చెరిపేయడం, తిరిగొచ్చిన లారీ మళ్ళీ అడుగున చేరడం. దీన్ని సీరియల్ అనేవారు. పెద్ద కంపెనీలు సీజనంతటికీ లారీలు మాట్లాడుకున్నప్పుడు కూడా ఈ వరసలోనే పేర్లు ఇచ్చేవారు.

ఇందులో ఒక పద్ధతి ఉండేది. లారీ వాళ్ళ ఇంట్లో ఎవరైనా పోతే బావ ఆ నంబరు చుట్టూ సుద్దతో సున్నా చుట్టేవాడు. సున్నా చుట్టిన నంబరు పైకి రాదు, కిందికి పోదు, ఎవరూ చెరపరు. హిందువుల ఇంట్లో పెద్దకార్యం అయ్యేదాకా, మాలాంటి బాప్టిస్టు సంఘం వాళ్ళ ఇంట్లో ఆదరణ కూడిక అయ్యేదాకా అది అలాగే ఉండేది. ఆ మనిషి తిరిగొచ్చిన రోజున మొదటి లోడు అతనిదే. కంపెనీకి సీజన్ పేర్లు పంపవలసి వస్తే, అతను రాకపోయినా అతని పేరు దాని వరసలోనే వెళ్ళేది. ఎవరూ అభ్యంతరం చెప్పేవారు కాదు, ఎందుకంటే చావు రాని ఇల్లు లేదు. పరామర్శకు వెళ్ళినవాళ్ళు ఈ మధ్యలో ఏ మంచి లోడు వచ్చిపోయిందో అక్కడ ఎత్తకూడదనేది కూడా ఆ పద్ధతిలో భాగమే.

నేను అప్పుడు విశాఖపట్నంలో ఒక కంపెనీ కంప్యూటర్ విభాగంలో పనిచేసేవాణ్ణి. ఇంటర్నెట్ అనే మాట పేపర్ల నిండా ఉన్న రోజులు అవి. దుకాణం లేకుండా పుస్తకాలు అమ్ముతున్నారనీ, మధ్యవర్తి అనేవాడు ఇక ఉండడనీ, ఉండాలంటే నెట్‌లోకి వెళ్ళడం ఒక్కటే దారనీ రాసేవారు. ఒక హోటల్లో దీని మీద సదస్సు జరిగితే బావను కూడా తీసుకెళ్ళాను. ఆయన బూట్లు వేసుకుని వచ్చి, మూడు గంటల సేపు కదలకుండా విని, బయటికొచ్చాక ఆ చెప్పినాయన ఎప్పుడైనా లారీ ఎక్కాడా అని మాత్రం అడిగాడు. అయినా నా మాట కాదనలేదు. బావమరిది కంప్యూటర్లు చదివాడని వచ్చిన ప్రతి వ్యాపారికీ చెప్పుకునేవాడు. ఆ గర్వం మీద నేను చాలా పనులు చేయించుకున్నాను.

సెలవు పెట్టి వచ్చి ఒక ప్రణాళిక రాశాను. మనం అమ్ముతున్నది లారీ కాదు, సమాచారం అన్నది అందులో మొదటి వాక్యం. ఏ లారీ ఖాళీగా ఉందో కంపెనీలకు వెబ్‌సైట్‌లో కనబడాలి, అడిగిన రోజే ఈమెయిల్‌లో ఖాయమైన జవాబు వెళ్ళాలి, వరసతో నిమిత్తం లేకుండా సిద్ధంగా ఉన్న లారీకే లోడు ఇవ్వాలి. బావకు చదివి వినిపిస్తే అంతా విని, "ఒరే బావా, మరి ఇందులో సున్నా ఎక్కడ సుడతావు?" అన్నాడు.

లారీ ఖాళీ, లేదా ఖాళీ లేదు, ఈ రెండే ఉంటాయన్నాను.

"ఇంట్లో శవాన్నెట్టుకు కూకున్నోడు ఖాళీగున్నట్టా, లేనట్టా?"

లేనట్టే అన్నాను. ఇంకొక గడి పెట్టడం నాకు అరపూట పని. చేతకాక మానలేదు. బయటి కంపెనీ వాళ్ళు చూస్తే ఇదేం లెక్క అనుకుంటారని, ఇలాంటివి వదిలితేనే ఎదుగుతామని అప్పుడు మనస్ఫూర్తిగా నమ్మాను. ఇన్నేళ్ళలో నేను చదివిన పుస్తకాల్లో దీనికి తగిన సమర్థనల కోసం వెతికాను. దొరికాయి కూడా. ఒక్కటీ నిలబడలేదు.

కంప్యూటర్ వచ్చింది. టెలిఫోన్ తీగ దానికి పెట్టి, ఆ గరగర చప్పుడు ఆగి నెట్ కలిసేదాకా బయట లారీల వాళ్ళు కూడా మాటలాపి చూసేవారు. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే తెగిపోయేది. బావ ఒక్కొక్క అక్షరం వెతుక్కుని నొక్కుతూ నెల తిరిగేసరికి జవాబులు తనే రాయడం నేర్చుకున్నాడు. లోడ్లు పెరిగాయి. పక్క ఊళ్ళ ఆఫీసులు మూతపడుతుంటే మాది నిలబడింది, కాబట్టి నా ప్రణాళిక తప్పని ఎవరూ అనలేరు, అనలేదు కూడా. బోర్డు కడిగేశారు. ఆ తర్వాత దాని మీద 'నెట్ పని చేయడం లేదు' అని రాయడానికి తప్ప సుద్దముక్క ముట్టుకున్నది లేదు.

ఆ వానాకాలంలోనే, ఒక్క లారీ తనే నడుపుకునే పెద్దాయన ఒకాయన భార్య పోయింది. ఆయన్ని ఆఫీసులో అందరూ మావ అనే పిలిచేవారు. బావకు జ్వరమొస్తే సుద్దముక్క పట్టుకుని సీరియల్ నడిపేది ఆయనే. పెద్దకార్యం ఇంకా కాకముందే ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, సీజనంతటికీ రాయపూర్ లోడ్లు, సాయంత్రంలోగా సిద్ధంగా ఉన్న లారీల పేర్లు పంపమని. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పాత వరసయితే మావదే పై నంబరు. బావ నా వైపు చూశాడు. సిద్ధంగా ఉన్నవే అడిగారు కదా అన్నాను. గుమ్మం దాకా వెళ్ళి, లోపలికొచ్చి, "సరే, పంపీ" అన్నాడు. మావ పేరు లేకుండా పంపాను.

గుండుతో తిరిగొచ్చిన రోజున మావ గుమ్మంలోనే ఆగి గోడ వైపు చూశాడు. "ఏటల్లుడా, బోర్డు కడిగేసినావు, పండగొచ్చిందేటి?" అన్నాడు. బావ తల వంచుకునే సంగతంతా చెప్పాడు. ఆయన విని, నా వైపు చూసి, "పోన్లే. సదూకున్నోడు, ఆడికి తెలీదేటి" అన్నాడు. అందులో వెటకారం ఉందేమోనని అప్పుడు వెతికాను. లేదు. ఉంటే నాకు ఇంత బరువుండేది కాదు. ఆ సీజన్ ఆయనకు చిల్లర లోడ్లే దొరికాయి. మరుసటేడు లారీ అమ్మేసి, అలవాటు కొద్దీ రోజూ వచ్చి మా బల్ల మీద కూర్చునేవాడు. ఆ తర్వాత చావింటికి వచ్చే డ్రైవర్లు లారీ రోడ్డు మీద పెట్టి వచ్చి, లోడు పోతుందని సగంలో లేచిపోవడం మొదలుపెట్టారు. వాళ్ళు తప్పుకు తిరుగుతున్నట్టు నడిచేవారు.

ఇంకొన్నేళ్ళకు మా అక్క పోయింది. సమాధి చేసి వచ్చిన మర్నాడు పొద్దున్న బావ ఇంట్లో కనబడలేదు. ఆఫీసుకి వెళితే, మాసిన గడ్డంతో కంప్యూటర్ ముందు కూర్చుని మెయిళ్ళకు జవాబులు రాస్తున్నాడు. పక్కన మావ నిలబడి, "నువ్వింటికెల్లల్లుడా, నే సూసుకుంతాను" అంటున్నాడు. అంటున్నాడే గానీ ఆ తెర మీద అక్షరం ఆయనకు తెలియదు. నేనూ లేవమన్నాను. ఏ లారీ ఎక్కడుందో నీకేం తెలుసన్నాడు బావ. అది నిజమే. ఇంటికి పద, ఆదరణ కూడిక అయ్యేదాకా ఆపేద్దాం అన్నాను. ఆయన కీబోర్డు మీంచి కళ్ళెత్తకుండా, "నా వంతెవులాపుతారు బావా? సున్నా సుట్టీవోణ్ణి నేనే గదా" అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు, నన్ను ఇంటికి పిలవడం మానలేదు, భోజనానికి కూర్చున్నప్పుడు నా కంచంలో చేపముక్క వేయడం మానలేదు.

మావకు లారీలు తెలుసు, నాకు మెయిళ్ళు తెలుసు. ఆయన చెబుతుంటే నేను రాస్తే సరిపోయేది, బావ ఇంటికి వెళ్ళి అక్క పటం ముందు కూర్చునేవాడు. మేమిద్దరం గుమ్మానికి చెరో పక్కా నిలబడి ఆయన రాయడం చూశాం. కలిసి కూర్చోవచ్చన్న ఆలోచన నాకు బావ పోయాక గానీ రాలేదు. మావ అప్పటికే లేడు.

నెట్‌లోకి వెళ్ళకపోతే మన ఆఫీసు నిలవదని నేను రాశాను. వెళ్ళాం, కొన్నాళ్ళు ఎక్కువ ఉన్నాం. తర్వాత లోడున్నవాడూ లారీ ఉన్నవాడూ ఫోన్‌లో నేరుగా మాట్లాడుకోవడం వచ్చి, మధ్యవర్తి ఉండడన్న ఆ సదస్సు మాట నిజమే అయింది. ఆఖరి రోజుల్లో బావ రోజూ వెళ్ళి తలుపు తీసి, పేపరు చదువుకుని వచ్చేవాడు.

బోర్డు మా వరండాలో గోడకు ఆనించి ఉంది. దాని మీద ఏమీ లేదు. మా వైపు ఇప్పుడు ఇంట్లో ఎవరు పోయినా లారీ వంతు ఆపడం లేదు.