మజ్జిగకు ఊదారంగు

గ్లాసులో మజ్జిగ కనిపిస్తే ఇప్పటికీ మా కాజీపల్లి మందుల కంపెనీ ల్యాబ్ పెద్దసారే గుర్తొస్తాడు. గుడి తీర్థాన్ని కూడా గాజుగొట్టంలో పోసి పరీక్షించాకే తాగే రకం. "ఒక్క రంగు చాలయ్యా, దొంగ దొరికిపోతాడు!" అన్నది ఆయన ఊతపదం.

ఒకనాడు అనుమానం క్యాంటీన్ మజ్జిగ మీద పడింది. వంటామెను ల్యాబ్‌కు పిలిపించి, "ఇది ఉత్త నీళ్లని తేలిందో, రేపట్నుంచి నీకు క్యాంటీన్ లేదు!" అన్నాడు. మజ్జిగలో కాస్టిక్ సోడా కలిపి, మైలుతుత్తం నీళ్లు చుక్కలుగా వేశాడు. ప్రొటీన్ ఉంటే ఊదారంగు, లేకుంటే నీలం. మేమంతా ఎన్నికల ఫలితాలకు నిలబడ్డట్టు ఊపిరి బిగబట్టాం.

మజ్జిగ నేరేడుపండును మించిన ఊదాకు తిరిగింది!

వంటామె కొంగు దోపింది. "ఇగ మీ ఇంటి మజ్జిగ గూడ పోసి సూడుండ్రి సారూ!"

తప్పేది లేక ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలోది ఇంకో గొట్టంలో పోసి, అవే చుక్కలు వేశాడు. ఎంత ఊపినా అది ఆకాశమంత నీలంగానే ఉండిపోయింది.

"దొంగ దొరికిండా సార్?" అన్నాను నేను.

సారు గబగబా గొట్టం సింకులో ఒంపేశాడు. "ఒక్క పరీక్షతో ఎవరినీ అనుమానించకూడదయ్యా!" అంటూ వంటామె ముందు ఖాళీ గ్లాసు చాపాడు.