ఆగు అనేదాకా

మా ఆయన జహీరాబాద్ మార్కెట్ యార్డుల పాట పాడేటోడు. పాట అంటే వేలంపాట. అల్లం కుప్పలు, ఆలుగడ్డ బస్తాలు ఒక దిక్కు, వ్యాపారులు ఒక దిక్కు, నడుమ నిలబడి ధర పిలిచేది ఆయన. తెలుగుల మొదలువెట్టి, ఉర్దూల పెంచి, బీదర్ నుంచి వచ్చినోళ్ళ కోసం ఒక కన్నడం మాట కలిపి ముగిస్తుండె. ఇంట్ల గూడ అదే గొంతు. గల్లీ మొదట్ల అడుగు పెట్టంగనే ఆయన వచ్చిండని నాకు తెలుస్తుండె, పొయ్యి మీద చాయ్ పెడుతుంటి.

ఆ గొంతు ఒక పొద్దున యార్డులనే పోయింది. ధర పిలుస్త పిలుస్త నోరు వంకరయి, కూలబడ్డడట. హమాలీలు ఎత్తి ఆటోల పండబెట్టి దవాఖానకు తీసుకపోయిన్రు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు. మెదడుల రక్తం గడ్డకట్టింది, పక్షవాతం అన్నరు. ప్రాణం దక్కింది. కొన్ని వారాలకు కాలు కదిలింది, కుడిచెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం రాలే.

అన్నీ సమజయితయి ఆయనకు. వార్తలు చూస్తడు, ఎవరన్న జోకేస్తే నవ్వుతడు. నోట్లెకెళ్ళి మాత్రం ఒక్కటే ముక్క వస్తుండె: "అదే." నీళ్ళు కావాలన్నా అదే, ఫ్యాన్ బంద్ చెయ్యమన్నా అదే. తను అనుకున్నది ఒకటి, బయటికి వచ్చింది ఒకటి అని ఆయన చెవులకే ముందు తెలుస్తుండె. అప్పుడు ఆయన ముఖం దిక్కు చూసుడు నాతోని కాకపోతుండె.

మాటలు నేర్పే డాక్టరమ్మ నాకు గట్టిగనే చెప్పింది. మొదటి నెలలే ముఖ్యమట. సైగ చేస్తే ఏదీ అందియ్యొద్దట, మాట కోసం చూడాలెనట, మధ్యల మనమే మాట అందిస్తే ఆయన ఇంక ప్రయత్నమే చెయ్యడట. బొమ్మల అట్టలు ఇచ్చి పంపింది. ఆవు, గొడుగు, చెంబు. ఇంటికొచ్చి నేను ఆవు బొమ్మ పట్టుకొని "ఇదేంది?" అని అడిగితే, వందల మంది నడుమ నిలబడి బేరం తెంపిన మనిషి, ఆ అట్టలన్నీ ఎడమచేత్తోని ఊడ్చి కింద పారేసిండు. నేను ఏరుకొని మళ్ళ పెట్టిన. మళ్ళ పారేసిండు.

చుట్టాలు వచ్చేటోళ్ళు. మొగుడంపల్లి నుంచి మా ఆడబిడ్డ వచ్చి, చెవిటోనితోని మాట్లాడినట్టు ఆయన చెవుల అరిచింది. మంచిమనిషే, ప్రేమతోనే అరిచింది. ఆమె పోయినంక ఆయన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఆ రోజు నుంచి "అదే" గూడ బంద్ అయింది. అన్నం రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేస్తుండె. స్నానం చెయ్యమంటే లేవకపోతుండె. పెరటి అరల చేనుకు కొట్టే మందు డబ్బాలు ఉంటుండె. నేను ఎవరికీ చెప్పకుంట అవి మూట కట్టి న్యాల్‌కల్‌ల ఉండే మా తమ్ముని ఇంటికి పంపిన. ఎందుకు అని వాడు ఫోన్ చేసి అడిగిండు. వాసనొస్తున్నది అని చెప్పిన.

మా బిడ్డ అప్పుడు ఇంటర్ చదువుతుండె. దానికి, వెనక గల్లీల ఉండే దాని దోస్తు పిల్లకు ఒక కార్డుల ఆట పిచ్చి. పేకాట కాదు. ఎవరి కట్ట వాళ్ళదే, కొనుక్కొని, ఇచ్చిపుచ్చుకొని కూడబెట్టుకున్నది. ఒక్కో కార్డు మీద ఒక బొమ్మ ఉంటది, రెక్కల గుర్రమో, రాతిమనిషో, నిప్పుపిట్టనో. దాని కింద అది ఏం చేస్తదో, ఎప్పుడు చేస్తదో ఇంగ్లీషుల సన్నగ రాసి ఉంటది. ఆ చేసేదాన్ని పిల్లలు పవర్ అంటరు. ఎదుటోళ్ళ ప్రాణం పాయింట్లు అయిపోగొట్టినోళ్ళు గెలిచినట్టు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ఆయన మంచం పక్కన చాప మీద కూసోని ఆడుతున్నరు. ఆ పిల్ల నిప్పుపిట్టను దించింది. అది దిగంగనే ఎదుటోళ్ళ కార్డు ఒకటి కాలిపోవాలె. ఆ పిల్ల మా బిడ్డ రాతిమనిషిని పక్కకు జరిపింది. మా బిడ్డ ఒప్పుకోలే. పవర్ చెప్పంగనే పనిచెయ్యదు, నడుమ నాకొక మోఖా ఉంటది, ఆగు అని నేను అడ్డం కార్డు ఏస్కోవచ్చు అని, డాలు బొమ్మ ఉన్న కార్డు నిప్పుపిట్ట మీద పెట్టింది. అట్లయితే నేను గూడ ఆగు అంట అని ఆ పిల్ల ఆ డాలును విరగ్గొట్టే కార్డు దాని మీద పెట్టింది. ఇంక మూడిట్ల ఏది ముందు పనిచెయ్యాలె అని లొల్లి. నేను వంటింట్ల నుంచి వినుకుంట ఉన్న.

ఉన్నట్టుండి మంచం కోడు మీద టకటక కొట్టిన చప్పుడు. వచ్చి చూస్తే ఆయన లేచి కూసున్నడు. వంగి, ఎడమచేతి వేలు పైన ఉన్న కార్డు మీద పెట్టిండు, తర్వాత నడుమదాని మీద, ఆఖరుకు నిప్పుపిట్ట మీద. "అదే" అన్నడు. చాన రోజులకు విన్న ఆ మాట.

మా బిడ్డ కార్డుల దిక్కు, తండ్రి దిక్కు చూసింది. "నాయిన చెప్పిందే కరెక్ట్. ఆఖరుకు ఏసింది ముందు పనిచేస్తది" అన్నది.

యార్డుల గూడ ఆఖరుకు పిలిచిన ధరదే మాట. ఆయనకు ఎట్ల తెలిసిందో నాకు ఆశ్చర్యం అనిపియ్యలే. కాని గోడ దిక్కు తిరిగి పండుకున్న మనిషి అన్ని రోజులు ఆ ఆట వింటుండె అని అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం బిడ్డ తన కార్డుల్లెకెళ్ళి తండ్రికి ఒక కట్ట తయారు చేసింది. ఆయన ఆడిండు. ఒక్క చేత్తోని పట్టుకోలేడని, కార్డులు నిలబెట్టుకునేతందుకు మసాలా డబ్బా మూత ఇచ్చినం. ఆడినంక రొట్టె తిన్నడు, ఇంకొకటి పెట్టుమన్నట్టు పళ్ళెం ముందుకు జరిపిండు.

పగటిపూట బిడ్డ కాలేజికి పోతది. ఆయనతోని ఆడాలంటే నేనే నేర్చుకోవాలె. నేను చదివింది పదో తరగతి. ఇంగ్లీషు కూడబలుక్కుంట చదువుత గాని అర్థం తేలదు. చపాతీలు ఒత్తుకుంట ఉంటే బిడ్డ పక్కన నిలబడి ఒక్కో కార్డు చదివి చెప్తుండె, నేను తిప్పి చెప్తుంటి. దిగినప్పుడు పనిచేసేది వేరు, దాడికి పోయినప్పుడు పనిచేసేది వేరు, టర్న్ మొదట్ల పనిచేసేది వేరు. అన్నీ కలగాపులగం అయితుండె. చచ్చినప్పుడు పనిచేసే కార్డులు గూడ ఉన్నయి. చచ్చింది ఇంకేం చేస్తది అని నేను దాన్ని తీసి పక్కకు పెడితే, ఆయన మంచం కోడు విరిగేటట్టు కొట్టిండు. పాయింట్లు నా దిక్కు నుంచి తీసుకునేదాక ఊకోలే.

నేను రోజూ ఓడిపోతుంటి. ఆయన గెలుస్తుండె. నవ్వుతుండె గూడ. మాట మాత్రం లేదు. ఆగు అనాల్సిన చోట కోడు మీద కొడుతుండె, అంతే.

మళ్ళ హైదరాబాద్‌కు తీసుకపోయిన. డాక్టరమ్మ పరీక్ష చేసింది. ఆయనను బయట కూసోబెట్టి నాతోని మాట్లాడింది. కొత్త మాట ఒక్కటి గూడ రాలే, ఇట్లనే పోతే ఇంక కష్టం అన్నది. బస్సుల వాపస్ వస్తుంటే ఆయన కిటికీలకెళ్ళి చూసుకుంట కూసున్నడు. లోపట ఏం చెప్పిన్రని సైగతోని అడిగిండు. మంచిగనే ఉన్నదన్నరు అని చెప్పిన. ఆయన నమ్మలే. సదాశివపేట దాటేదాక నా ముఖమే చూసిండు. ఆ బస్సులనే అనుకున్న, రేపటి నుంచి కోడు కొడితే ఒప్పుకోవద్దు. నోటితోని ఆగు అంటేనే ఆయన అడ్డం కార్డు చెల్లుతది.

తెల్లారి అదే చెప్పిన. ఆయన సమజ్ కానట్టు చూసిండు. ఆట మొదలయింది. నేను నిప్పుపిట్టను దించి పవర్ చెప్పిన. ఆయన దగ్గర డాలు ఉన్నదని నాకు తెలుసు, మూత వెనకకెళ్ళి దాని అంచు కనబడుతున్నది. చెయ్యి కోడు మీదికి పోయింది. "ఊహు, నోటితోని" అన్న. ఆయన పెదవులు కదిలినయి. మెడ నరాలు ఉబ్బినయి. "అ... అ..." అన్నడు, ఇంక దాటలే. "అదే" అన్నడు. అది కాదని తల ఊపుకున్నడు. నేను కొద్దిసేపు చూసి, ఇంక నీ మోఖా పోయింది అని ఆయన కార్డు పక్కకు జరిపిన.

అట్ల ఆ రోజంత చేసిన. ఒక్కొక్క కార్డు పోతుంటే ఆయన కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. అయినా ఆపలే. ఆపితే ఇంక ఏ తొవ్వా లేదు అనిపించింది. ఆఖరుకు ఆయన మూతను తన్ని, కార్డులన్నీ చెదరగొట్టి, గోడ దిక్కు తిరిగిండు. ఆ పూట తినలే. తెల్లారి గూడ తినలే.

బిడ్డ కాలేజి నుంచి వచ్చి, రెండోరోజు గూడ ఎందుకు తినలేదని అడిగి, సంగతి విని నా మీద లేచింది. "మాట రాని మనిషితోని జల్ది మాట్లాడు అంటే ఎట్లనమ్మా? ఇది ఆట గాదు."

"మీరు ఆడేటప్పుడు గూడ ఆగు అని జల్ది అనాలె కదా" అన్న.

అది లోపటికి పోయి కార్డుల డబ్బాతోని వచ్చిన రూల్స్ కాయితం తెచ్చింది. ఇద్దరం వంటింట్ల కింద కూసున్నం. అది చదువుతుంటే నేను ప్రతి ముక్కకూ ఆపి అర్థం అడిగిన. పవర్ చెప్పినోళ్ళు చెప్పి ఊకోవద్దట, ఎదుటోళ్ళను అడగాలెనట, నువ్వు ఏమన్న ఏస్తవా అని. ఎదుటోళ్ళు ఏస్త అనాలె, లేకపోతే లేదు కానియ్యి అనాలె. రెండిట్ల ఏదో ఒకటి వాళ్ళు తెలిపేదాక పవర్ పనిచెయ్యదు. ఊకున్నంత మాత్రాన మోఖా పోదు.

"ఎంతసేపని రాసిండ్రా?" అని అడిగిన.

బిడ్డ కాయితం అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఈ ఆటకు గడువు అనేదేం రాయలే. జల్ది అనుడు వాళ్ళిద్దరి అలవాటే గాని రూల్ కాదు. అది చిన్నగ ఏడ్చింది, నేను గూడ.

మర్నాడు పొద్దున పనులన్నీ ముగించుకొని ఆయన మంచం దగ్గర కూసున్న. రూల్ తప్పు తెలుసుకున్న, కాయితంల ఇట్ల ఉన్నది అని విడమరచి చెప్పిన. ఆయన గోడ దిక్కే ఉన్నడు. నేను రెండు దిక్కుల కార్డులూ పరిచి, ఆయన కార్డులు మూత అంచున నిలబెట్టి, నిప్పుపిట్టను దించి పవర్ చెప్పిన. "ఏమన్న ఏస్తవా?" అని అడిగి ఊకున్న.

ఎంతసేపు పోయిందో. ఫ్యాన్ తిరుగుడు ఆగింది, కరెంటు పోయింది. తలుపు ఎవరో కొట్టి వెళ్ళిపోయిన్రు. నేను లేవలే. ఆయన మెల్లగ ఇటు తిరిగిండు. కార్డులు చూసిండు. చెయ్యి కోడు మీదికి పోయింది, వాపస్ వచ్చింది. మాట అందియ్యాలె అని నా నాలుక దుంకుతున్నది. చీర కొంగు నోట్ల పెట్టుకొని కూసున్న. ఆయన "అ" అన్నడు. కండ్లు మూసుకున్నడు. మళ్ళ "అ" అన్నడు, చెమట పట్టింది. నేను కార్డు ముట్టలే.

"ఆ... గు" అన్నడు.

నేను కదల్లే. ఆయన కండ్లు తెరిచి నా దిక్కు చూసిండు, తప్పా ఒప్పా అని అడిగినట్టు. ఎడమచేత్తోని డాలు తీసి నిప్పుపిట్ట మీద పెట్టిండు. నేను "లేదు, కానియ్యి" అన్న. ఇంక నాతోని కాలే, లేచి పెరట్లకు పోయిన.

అదేదో గెలిచిన కథ అని చెప్పలేను. కొన్ని దినాలు ఆయనకు అన్నిటికీ ఆగు అనే మాటే వచ్చింది. ఆకలయినా ఆగు, బిడ్డను పిలిచినా ఆగు. డాక్టరమ్మ మంచిదే అన్నది, ఒకటి కదిలితే ఇంకొకటి కదులుతది అన్నది. ఉప్పు అనుడు వచ్చింది, పో వచ్చింది, లేదు వచ్చింది. బిడ్డ పేరు ఇంకా రాలే. అది పక్కన కూసోని తన పేరు ఎన్నిసార్లు చెప్పించినా మొదటి అక్షరం దగ్గరనే తట్టుకుంటడు. అది నవ్వుకుంట లేచిపోతది, తలుపు ఏసుకుంటది. ఏడాది దాటితే వచ్చే మాటలు తక్కువ అని విన్న. ఏడాది దాటింది. ఆ సంగతి ఆయనకు నేను చెప్పలే, ఆయనకు తెలుసు.

రోజూ మధ్యాహ్నం ఆడుతం. నేను పవర్ చెప్త, అడుగుత, ఊకుంట. కొన్నిరోజులు మాట జల్దినే వస్తది. కొన్నిరోజులు పొద్దు గూకేదాక ఒకటే కార్డు నడుమ కూసుంటం. నిన్న ఒక్క మాట గూడ రాలే. ఆయన తలుపు దిక్కు చూసుకుంట పండుకున్నడు. కార్డులు అట్లనే పరిచి ఉన్నయి, నా పవర్ ఇంకా పనిచెయ్యలే. నేను వాటిని తియ్యకుంట పక్కన చాప ఏస్కొని ఒరిగిన.