ఈరమ్మత్త దాచనివ్వని మాట

మొన్న ఎమ్మిగనూరులో నేతవాళ్ళ వీధి గుండా నడుస్తుంటే గంజి వాసన కొట్టింది. ఎవరో ఇంటి ముందర పడుగు సాగదీసి, గంజి పట్టించి ఆరబెట్టారు. ఆ పులిసిన వాసన ముక్కుకు తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. పదేళ్ళుగా ఆదోనిలో నర్సుగా పనిచేస్తున్నాను, వాసనలు నాకు కొత్త కాదు. కానీ గంజి వాసన వచ్చిందంటే ఈరమ్మత్త పక్కన నిలబడినట్టే ఉంటుంది.

ఆమె ఎమ్మిగనూరులో మా పక్కింటి మనిషి, నేత పని. భర్త లేడు, మద్దిలేటి అనే ఒక్క కొడుకు. మా నాన్న పోయాక అమ్మ కూలికి వెళ్ళేది. నేను బడి నుంచి వచ్చి ఈరమ్మత్త మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేదాన్ని. పదో తరగతి అయ్యాక అమ్మ నన్ను చదువు మాన్పించాలనుకుంది. ఈరమ్మత్త మగ్గం గుంటలోంచి లేచి, చేతులకు అంటిన రంగు కూడా కడుక్కోకుండా మా ఇంటికి వచ్చింది. "నర్సు సదువుకు పంపించు వదినా. ఈ పిల్ల నెత్తురు సూసినా బెదరదు. మొన్న నా సెయ్యి తెగితే కట్టు కట్టింది ఇదే" అంది. అమ్మ ఏదో అనబోతే, "నేను అడగతాండా, పంపించు" అని అక్కడే కూర్చుంది. అలా నర్సునయ్యాను.

నేను ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకు ఆమె కాలు మగ్గం తొక్కడంలో తప్పసాగింది. అడ్డపోగు నేసే నాడె చేతిలోంచి జారి గుంటలో పడేది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా వేళ్ళు వాటంతటవే ఆడేవి, భుజం ఎగిరేది. ఉన్నట్టుండి కోపం వచ్చి ఒకసారి అన్నం పళ్ళెం మద్దిలేటి మీదికి విసిరింది. కాసేపటికి ఎందుకు విసిరిందో ఆమెకే తెలియలేదు. వీధిలో వాళ్ళు మాత్రం, "వాళ్ళమ్మ మింద ఉన్న సౌడమ్మ ఇప్పుడు ఈమె మిందికి వచ్చినాది" అన్నారు. సౌడమ్మ మా వీధి ఇలవేల్పు. ఈరమ్మత్త వాళ్ళమ్మ కూర్చున్నా నిలబడినా ఊగుతూనే ఉండేది. చిన్నప్పుడు మేమంతా ఆ అవ్వ కాళ్ళకు మొక్కి కుంకుమ పెట్టించుకున్నవాళ్ళమే. చనిపోయాక ఆమె పటం దేవుడి గూట్లోకి చేరింది. నర్సు చదువు చదివిన నేను కూడా ఆ అవ్వకూ ఈ వేళ్ళకూ సంబంధం చూడలేదు. నీరసం అనుకుని బలం మాత్రలు తెచ్చిచ్చాను.

చివరికి కర్నూలులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని ఆయన అడిగాడు. "వాళ్ళమ్మకు పూనకం వచ్చేదండీ" అన్నాను. ఆయన రాయడం ఆపాడు.

"నిద్రపోతే ఆ ఊగడం ఆగేదా?"

"ఆగతాండె సామీ. లేస్తానే మళ్ళా మొదలు" అంది ఈరమ్మత్త ముద్దముద్దగా. ఆయనకు అర్థం కాకపోతే నేను మళ్ళీ చెప్పాను.

నెత్తురు పరీక్షకు పంపారు. కొన్ని వారాల తరువాత మళ్ళీ వెళితే హంటింగ్టన్ జబ్బు అని చెప్పాడు. మెదడు కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది, నయం చేసే మందు లేదు, కన్నవాళ్ళ నుంచి పిల్లలకు వస్తుంది, ఒక్కొక్క బిడ్డకు వచ్చేందుకూ రాకపోయేందుకూ సగం సగం అవకాశం. అంటే చిన్నప్పుడు మేమంతా మొక్కింది ఒక రోగానికి.

తిరుగు బస్సు కోడుమూరు దాటింది. అప్పుడు ఈరమ్మత్త అడిగింది. "అయితే మాయమ్మ మింద సౌడమ్మ రాలేదా?"

"లేదత్తా."

"మద్దిలేటికి?"

డాక్టరు చెప్పింది మళ్ళీ చెప్పాను. ఇంటికి వచ్చాక, వీధివాళ్ళు అవ్వ పటం తీసేయమంటారేమో అని నేనంటే, "సౌడమ్మ కాకపోతే ఏమి, మాయమ్మే గదా" అంది.

అప్పటికి మద్దిలేటికి సి.బెళగల్‌లో పెళ్ళి సంబంధం కుదిరి ఉంది. వాడు తల్లి ముందర కూర్చుని, "పెళ్ళి అయినాక సెప్దాం మా" అని ఏడ్చాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ ఊపు జబ్బుది కాదని మా ఇద్దరికీ తెలుసు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బెళగల్ బయలుదేరింది. వాడు రాలేదు.

అప్పటికే ఆమె నాలుక మొద్దుబారింది. మాట నాకూ మద్దిలేటికీ తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. పెళ్ళికూతురి తండ్రి మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఆమె అంతా చెప్పింది, కొడుకు సంగతి కూడా. నేను ఆ ఇంటివాళ్ళ వైపు తిరిగి, "మా అత్తకు నరాల జబ్బంట, మాట సరిగా రాదు. ఆ సంగతి సెప్పి పోదామని వచ్చినాం" అని ఆపేశాను. ఆడుతున్న చెయ్యి వచ్చి నా మణికట్టును పట్టుకుంది. అంత బలం ఆ చేతిలో ఉందని నేననుకోలేదు. ఒక్కొక్క మాటా తోసుకుంటూ అంది. "నా... కొడుక్కూ... రావచ్చు... అను."

అన్నాను. తలుపు వెనక నుంచి పెళ్ళికూతురు బయటికి వచ్చి అడిగింది. "రాకపోవచ్చు గూడా గదక్కా?"

"రాకపోవచ్చు గూడా" అన్నాను.

తండ్రి కూతురి ముఖం చూశాడు, మా ముఖాలు చూశాడు. "మీరు సెప్పకుంటే మాకు తెలిసేది కాదు. సెప్పినందుకు దండం పెడతాండా. ఈ సంబంధం మాత్రం వద్దులేమ్మా" అన్నాడు. మజ్జిగ ఇచ్చి పంపించారు.

మద్దిలేటి ఆ వారమే బెంగళూరు పోయి తాపీ పనిలో చేరాడు. ఏడాది పాటు తల్లితో మాట్లాడలేదు. ఆమె మింగలేకపోతోందని నేను ఫోను చేస్తే మాత్రం మర్నాడే దిగాడు. రెండేళ్ళు చెంచాతో రాగి జావ తాగించాడు. చివరి నెలల్లో ఆమె నన్ను గుర్తుపట్టలేదు, వాడిని గుర్తుపట్టింది. వాడి ఒళ్ళోనే పోయింది.

ఆసుపత్రిలో రోగి తాలూకు వాళ్ళు, "ఉన్నది ఉన్నట్టు సెప్పొద్దు సిస్టర్" అని బతిమాలినప్పుడు నేను ఇప్పటికీ తడబడతాను. అయినా అడిగిన రోగికి అబద్ధం చెప్పలేదు. ఆ ధైర్యం నాది కాదు, ఈరమ్మత్త చెయ్యి నా మణికట్టు మీద వదిలివెళ్ళింది.

మద్దిలేటి పరీక్ష చేయించుకోలేదు, పెళ్ళీ చేసుకోలేదు. "తెలుసుకొని ఏం సేయాలక్కా" అంటాడు. మొన్న ఎమ్మిగనూరులో వాడింటికి వెళితే టీ ఇచ్చాడు. నా చూపు వాడి వేళ్ళ మీదే ఉంది. వాడు గమనించాడు. గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ నా ముందర చాపాడు.

"సూసుకో అక్కా, తీరిగ్గా సూసుకో. ఇంగ నా మొగం సూసి మాట్లాడు."

ఆ పూట ముఖమే చూసి మాట్లాడాను. చూపు కిందికి జారకుండా ఆపుకోవడానికి నాకెంత కష్టమైందో వాడికి తెలుసు.