దెయ్యాన్ని లారీ ఎక్కించిందెవరు?

నా దెయ్యం సీరియల్ ఆఖరి భాగం వచ్చిన వారం, నేను రాసిందేటో నాకే తెలీకుండా పోయింది. గొప్పకి చెప్పడం లేదు, నిజంగానే బుర్ర తిరిగిపోయింది. కథ ఒకటే, ముగింపు ఒకటే, రాసిందీ నేనే. జనం మాత్రం రెండు వేరే కథలు చదివినట్టు మాట్లాడినారు.

ముందు ఆ కథేటో చెప్పాలి. ఫోన్లో వచ్చే ఒక తెలుగు పత్రికలో నెలకో భాగం చొప్పున రాసినాను. ఈ బెంగాలీ ఊళ్లో మేముండే ఓల్డ్ సెటిల్‌మెంట్ లాంటిదే ఒక రైల్వే కాలనీ, అందులో ఒక క్వార్టరు, ఆ క్వార్టర్లో ఒంటరిగా ఒకావిడ. సాయంత్రం వర్క్‌షాప్ సైరను మోగితే చాలు, చనిపోయిన ఆవిడ మొగుడు సైకిలు మీద ఇంటికొస్తాడు. మనిషి కనిపించడు. గేటు దగ్గర స్టాండు వేసిన చప్పుడు, తర్వాత గొళ్లెం చప్పుడు, అంతే. ఆవిడ తలుపు తీసి గడప మీద టీ పెడుతుంది. కాసేపటికి గ్లాసు ఖాళీ. ఈ దెయ్యం నెత్తురు తాగదు, ఎవరి పీకా పట్టుకోదు. అయినా చదివినవాళ్లు హడలిపోయేవారు, నాకదో సరదా.

మా అమ్మకి ఫోన్లో అక్షరాలు ఆనవు. అందుకని ప్రతి భాగమూ పూరీ గేట్ దగ్గర జిరాక్స్ షాపులో పెద్దక్షరాలతో ప్రింటు తీయించి ఇచ్చేదాన్ని. అమ్మ ఆదివారం మధ్యాహ్నం మా వరండాలో కూర్చుని అది పైకి చదివేది. మా క్వార్టర్ల లైన్లో తెలుగు మాట్లాడని ఇల్లు లేదుగానీ, అమ్మా నేనూ తప్ప తెలుగు చదవడం వచ్చిన మనిషీ లేడు. అందరూ ఇక్కడే పుట్టి హిందీ బడికో బంగ్లా బడికో పోయినవాళ్లు. అమ్మ ఒక్కర్తే శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా వస్తూ చదువు కూడా వెంట తెచ్చుకుంది. చర్చిలో వాక్యం చదివేదీ ఆవిడే. పొల్లు పోనివ్వదు, ఒత్తు జారనివ్వదు. అదే గొంతుతో నా దెయ్యాన్నీ చదివేది. చర్చి పెద్దాయన ఒకాయన "ఏటమ్మా, ప్రార్థన చేసే నోటితో దెయ్యాల కథలా?" అని అడిగితే, "మన పుస్తకంలో దెయ్యాలు నేవేటి బాబూ?" అంది.

వినడానికి వచ్చేవాళ్లలో మా పక్క క్వార్టరు వదినా, ఆవిడ మొగుడూ ఉండేవారు. వదినంటే చుట్టరికమేం లేదు. వాళ్లింట్లో దేవుడి పటాలు, మా ఇంట్లో శిలువ, మధ్యలో గోడ ఒకటే. ఆయన్ని అన్నయ్యా అనేదాన్ని, వర్క్‌షాప్‌లో ఫిట్టరు. కథ వింటూ పడీపడీ నవ్వేవాడు. "సచ్చినా టైముకి ఇంటికొస్తన్నాడంటే వీడు రైల్వే మనిషి కాడర్రా" అనేవాడు. వరండా అంతా గొల్లుమనేది.

కథ సగంలో ఉండగా అన్నయ్య పోయినాడు. గుండెనొప్పి. పొద్దున్న డ్యూటీకి పోయిన మనిషి, సాయంత్రం సైరను మోగినా రాలేదు. నాకు చెయ్యి ఆడక రాయడం ఆపేసినాను. దినాలు అయిన తర్వాత వదినే గోడ పక్కకి వచ్చి, "ఏటమ్మీ, కథ ఆపీసినావు? మీ అన్నయ్య అడుగుతున్నాడు" అంది. ఒళ్లు ఝల్లుమంది. ఆవిడ ముఖంలో మాత్రం ఏ తేడా లేదు, ఉప్పుందా అని అడిగినట్టు అడిగింది. ఆ సాయంత్రం సైరను మోగినాక చూస్తే, వాళ్ల గడప మీద టీ గ్లాసు ఉంది.

నాకు భయమేసింది. నా కథ పట్టుకుని ఆవిడ ఇలా చేస్తోందా, ఆవిడ చేసేదే నేను ముందుగా రాసేసినానా? ఇప్పటికీ తెలీదు. అమ్మనడిగితే "నోరు మూసుకుని రాయి" అంది. రాసినాను. ఆఖరి భాగం కూడా రాసి పంపించేసినాను.

పంపిన తర్వాత వచ్చి పడింది అసలు గొడవ. అన్నయ్య ఉద్యోగం కూతురికి ఇచ్చినారు, పోస్టింగు మాత్రం వేరే ఊరు, చక్రధర్‌పూర్. జాయినవడానికి గడువు పెట్టినారు, అది దాటితే ఉద్యోగం పోతుంది. క్వార్టరు ఖాళీ చెయ్యడానికి ఇచ్చిన టైము కూడా అయిపోయింది. వదిన మాత్రం కదలనంటే కదలనని కూర్చుంది. "సాయంత్రం ఆయనొస్తే తలుపెవరు తీస్తారు?" అంటుంది. కూతురు మా వంటింట్లోకి వచ్చి ఏడ్చింది. "అత్తా, అమ్మని వదిలి ఎలా పోను? పోకపోతే ఎలా బతకాలి? మీరేనా చెప్పండి" అంది. చెప్పి చూసినాను. వదిన నా మాట పూర్తవకుండానే టీ పెట్టడానికి లేచిపోయింది.

అలాంటప్పుడు వచ్చింది ఆఖరి భాగం. అందులో నేను రాసిందిది: ఆవిడ క్వార్టరు ఖాళీ చేసి వెళ్లిపోతుంది. తలుపుకి తాళం. సాయంత్రం సైరను మోగుతుంది. సైకిలు స్టాండు చప్పుడు. గొళ్లెం చప్పుడు. ఎవరూ తియ్యరు. మళ్లీ కొడతాడు. మళ్లీ. అంతే, కథ అయిపోయింది. రాసినప్పుడు నా ఒళ్లే జలదరించింది, భలే కుదిరిందనుకున్నాను. ఆ ఆదివారం నాకు రైల్వే బుకింగ్ కౌంటర్లో డ్యూటీ పడింది. ప్రింటు అమ్మ చేతికిచ్చి, ఈసారి చదవకే అందామనుకున్నాను. కానీ వదిన అప్పటికే వరండాలో చాప పరిచేస్తోంది. బ్యాగు తగిలించుకుని డ్యూటీకి పోయినాను.

డ్యూటీ నుంచి వచ్చి ఫోను చూస్తే పాఠకులు కొట్టుకుంటున్నారు. ఒకరు "నెలల తరబడి ఆగితే తలుపు కొట్టి వదిలేస్తారా, ఇదన్యాయం" అని తిట్టినారు. ఒకావిడ "మా గేటు చప్పుడైతే మా ఆయన్ని లేపినాను, మీకో దణ్ణం" అని రాసింది. ఇంకొకాయన, అసలు మొదటి భాగం నుంచీ ఆవిడే చచ్చిపోయి ఉందనీ, మొగుడే బతికున్నాడనీ తేల్చినాడు. దానికి కింద బోలెడుమంది అవునవును అన్నారు. నేను రాసినదాంట్లో అది ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. చివరికొకాయన "రచయిత్రికే తెలీదనుకుంటా" అన్నాడు. చిర్రెత్తుకొచ్చింది. జవాబు టైపు చేసి, చెరిపేసి, మళ్లీ టైపు చేసి, చెరిపేసినాను.

సరే, ఇవి మామూలే అనుకుందాం. మర్నాడు గోల్‌బజార్లో చేపల దగ్గర మా లైన్లో చివరింటి అక్క ఎదురైంది. చేతిలో సంచీ కింద పెట్టి మరీ నా గెడ్డం పట్టుకుంది.

"ఎంత బాగా రాసినావమ్మా! ఆ లారీ ఎక్కించినావు సూడు, ఏడుపాగనేదు నాకు."

"ఏ లారీ అక్కా?"

"ఏ లారీ ఏటి? దెయ్యం ఎక్కిన లారీ!"

నేను వెర్రిదాన్లా నవ్వి ఊరుకున్నాను. ఈవిడ టీవీలో చూసిందీ నాదీ కలిపేసిందనుకున్నాను. తీరా ఇంటికొస్తుంటే ఎదురు లైన్లో ఉండే బెంగాలీ ఆవిడ, మేం బౌదీ అంటాం, గుమ్మంలోంచే కేకేసింది. ఆవిడకి మా వాళ్లు కథంతా హిందీలో చెప్తుంటారు. "దీదీ, భూత్ కో ట్రక్ మే బిఠా దియా? బహుత్ అచ్ఛా కియా!" అంది. దెయ్యాన్ని లారీలో కూర్చోబెట్టి మంచి పని చేసినానట! మా లైన్లోనే ఇంకొకావిడ ముఖం ముడుచుకుని, "దెయ్యం కథన్నావు, ఆఖర్న పెళ్లివారి బండి చేసీసినావు. భయమేదమ్మా?" అని దెప్పింది. ఒకామె ఏడిచిందట, ఒకామె మెచ్చుకుంది, ఒకామె తిట్టింది. ముగ్గురూ అంటున్న లారీ నా కథలో లేనే లేదు.

పత్రికవాళ్లు మార్చేసినారేమో అని మళ్లీ మొత్తం చదివినాను. లారీ లేదు. జిరాక్స్ షాపులో వేరెవరి కాగితాలో కలిసిపోయినాయేమో అని అమ్మ దిండు కింద ఉన్న ప్రింటు తీసి చూసినాను. అందులోనూ లేదు. తాళం, సైరను, తలుపు చప్పుడు, అన్నీ నేను రాసినవే. మరి లారీ ఎక్కడిది? అమ్మని అనుమానించాలని తోచనే లేదు. చర్చిలో వాక్యం చదివేటప్పుడు ఒక్క ముక్క మారితే మళ్లీ మొదటికొచ్చి చదివే మనిషి ఆవిడ.

ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి అమ్మనే అడిగినాను. ఆవిడ వంటింట్లో బియ్యంలో రాళ్లేరుతోంది.

"అమ్మా, లారీ ఎక్కడిదే?"

తలెత్తలేదు. "ఏ లారీ?"

"నా కథలోకి దూరిన లారీ!"

"నీ కథలో ఏటుందో నువ్వే సూసుకో. నాను సదివినాను, అంతే."

"అందులో లేనిది ఎలా చదివినావే? ఏడాది కష్టపడి రాసుకున్నాను. నా ముగింపు మార్చడానికి నువ్వెవరు?"

అమ్మ చేట పక్కన పెట్టింది. "అరవకు," అంది. "మీ వదిన నా ఎదురుగుండా కూసుంది. కళ్లు నా నోటి మీదే పెట్టీసింది. ఆడు తలుపు కొడతన్నాడు, ఎవరూ తియ్యనేదు అని నా నోట ఎలా సదవమంటావే? నువ్వయితే సదివీగలవా?"

చేతిలో ఉన్న ప్రింటు మడిచేసినాను.

"అందుకే, ఆవిడ పోయే ముందర సైరను మోగేదాకా ఆగి, రండి, లారీ ఎక్కండి అని మొగుణ్ని పిలిసి తీసుకుపోయిందని సెప్పీసినాను. దేవుడు నన్ను శిక్షిస్తే శిక్షించనీ. ఒకపాలి ఆ గోడకి సెవి పెట్టు."

పెట్టినాను. అవతల పెట్టెలు ఈడుస్తున్న చప్పుడు. గిన్నెలు గోనెలోకి సర్దుతున్న చప్పుడు. నాకు కోపం పోలేదు, అబద్ధమెందుకు. నా కథ నాది కాకుండా పోయిందని కడుపు మండింది. ఆ గిన్నెల చప్పుడు వింటుంటే ఏడుపూ వచ్చింది. రెంటిలో దేనికి ముందు చోటివ్వాలో తెలీక అక్కడే నిలబడిపోయినాను.

ఆ శనివారం లారీ వచ్చింది. మధ్యాహ్నానికే సామాను ఎక్కించడం అయిపోయింది. డ్రైవరు ఒకటే తొందర. వదిన మాత్రం "దాదా, థోడా రుకో" అని అతన్ని ఆపి మెట్టు మీద కూర్చుంది. కూతురు తల దించుకుని గేటు పట్టుకుని ఉంది. లైన్లో అందరూ గుమ్మాల్లోకి వచ్చినారు. దెప్పినావిడ కూడా కొంగు నోట్లో కుక్కుకుంది.

సైరను మోగింది. వదిన లేచి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది. "వచ్చినారా? సామానంతా ఎక్కించీసినాం. మీరే ఎక్కాలి, రండి," అంది. కాసేపు ఆగింది. తర్వాత తలుపు మూసి తాళం వేసి లారీ దగ్గరికి నడిచింది. కూతుర్ని డ్రైవరు పక్కకి ఎక్కించింది, తనెక్కి మధ్యలో కూర్చుంది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది.

"ఔర్ కోయీ హై క్యా?" అన్నాడు డ్రైవరు, ఇంకా ఎవరైనా రావాలా అని.

"హై," అంది వదిన, ఉన్నారని. ఉన్నట్టుండి ఆవిడ ముఖంలో బెదురొచ్చింది. వంగి నన్ను వెతుక్కుంది. "అమ్మీ, కిటికీ పక్కనే గదా? నువ్వు రాసింది కిటికీ పక్కనే గదా? నాను మరిసిపోనేదు గదా?"

అమ్మ వైపు చూసినాను. అమ్మ ఆ రోజు ఏం చెప్పిందో, ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టిందో నేనడగలేదు. అమ్మ నా వైపు చూడకుండా నేల చూస్తోంది. నాకేం తెలుసు? నా కథలో లారీయే లేదు.

"అవును వదినా," అన్నాను. "కిటికీ పక్కనే రాసినాను. అన్నయ్యకి గాలి తగలాలి కదా."

వదిన ముఖం తేటపడింది. "అయితే ఆ తలుపు నువ్వే వెయ్యమ్మా, మెల్లిగా," అంది.

నేను దగ్గరికెళ్లి, అన్నయ్య కాలు నలగకుండా చూసి, మెల్లిగా తలుపు వేసినాను.