మోచేతి మీట

మా పిన్ని దర్జీ. కుట్టు కాస్త వంకరపోయినా మొత్తం విప్పి మళ్లీ కుట్టే మనిషి. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయాక సూది సంగతి దేవుడెరుగు, పళ్లు తోముకునే బ్రష్ కూడా పట్టుకోలేకపోయింది. బాబాయే తోమేవాడు. ప్రేమ ఉంది గానీ, అడుగంటిన గిన్నె తోమినట్టు తోమేవాడు. చిగుళ్లు వాచిపోయేవి.

నేను ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాను. బ్యాటరీ మోటారుతో తిరిగే మెత్తటి బ్రష్ ఒకటి తయారుచేసి, వాష్‌బేసిన్ పక్కన గోడకి బిగించాను. పిన్ని తల కదిపితే చాలు. స్విచ్ మాత్రం బాబాయికి అందేలా తలుపు దగ్గర పెట్టాను.

పిన్ని ఒక్కసారి వాడి, "తీసెయ్యరా" అంది.

నాకు ఒళ్లు మండింది. "ఇప్పుడేం తక్కువైంది పిన్నీ?"

"నోట్లో బ్రష్ పెట్టుకుని 'చాలు' అని ఎలా చెప్పనురా? మీ బాబాయికే చెప్పలేకపోయాను. ముందు ఆపే సంగతి చూడు, తిప్పేది తర్వాత."

మళ్లీ పనిలో పడ్డాను. ఆవిడ మోచేతికి అందేలా వెడల్పాటి మీట పెట్టాను. నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. మొదటి మీట గట్టిగా ఉందంది, రెండోది జారుతోందంది. మూడోదానికి తలూపింది.

మర్నాడు పొద్దున బాబాయి అలవాటుగా వెనకే నిలబడి, "పైన, ఇంకా పైన" అని మొదలెట్టాడు. పిన్ని మోచెయ్యి తీసింది. బ్రష్ ఆగింది.

తల వెనక్కి తీసుకుని, "మీరు బయటికెళ్లి తలుపు వెయ్యండి" అంది.

బయట నిలబడి ఇద్దరం విన్నాం. మోటారు తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది.