పేరు లేని బియ్యం

మా మేనత్తకు డెబ్బై ఎనిమిదేళ్లు. అయినా అందరికీ ఆమె పాపే. నాన్నకు పాపక్క, నాకు పాపత్త. రేషన్ కార్డులో తాత రాయించిన పేరొకటి ఉంది గానీ, ఆ పేరుతో ఇంట్లో ఎవరూ పిలిచింది లేదు. దవాఖానలో ఆ పేరు పిలిస్తే ఆమె పలకదు. పైగా నా చెవిలో, "ఎవలో ఏమో, గంతగనం పిలుస్తున్నా లేస్తలేరు సూడు" అంటుంది. నేను మోచేత్తో పొడిస్తే గానీ కదలదు.

పెత్తరమాస వచ్చిందంటే మాత్రం ఆమెకు ఆ హుషారు ఉండేది కాదు. పెద్దలకు బియ్యమిచ్చే ఆ రోజున అయ్యగారు చనిపోయిన వాళ్ల పేర్లు ఒక్కొక్కటే అడుగుతారు. తాత పేరు చెబుతుంది. తనను పెంచిన సవతి తల్లి, అంటే మా నాయనమ్మ పేరు చెబుతుంది. కన్నతల్లి దగ్గర ఆగిపోతుంది. ఆ తల్లి పాపత్త పుట్టిన పదో రోజునే పోయింది. పేరేమిటో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. "పర్వాలేదు, తల్లి అని చెప్తలే" అనేవారు అయ్యగారు. ఆ పూట ఆమెకు అన్నం సయించేది కాదు.

"తాతనే అడగకపోయినవా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"అడిగిన. లేసి పోయి మగ్గం గుంతల కూసున్నడు. మల్ల అడగలే."

పోయినేడు బియ్యమిచ్చి వస్తూ దారిలో నిలబడిపోయింది. "పేరు లేని బియ్యం మా అమ్మకు ముడ్తయా బిడ్డా?" అంది. నాకు ఎవరి మీదో తెలియని కోపం ముంచుకొచ్చింది. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల హాజరు పిలిచిన దాన్ని. ఒక్క మనిషి పేరు దొరకకుండా ఎట్లా పోతుందో చూద్దామనుకున్నాను.

పాత చెక్క సందుగలో తాత వీలునామా దొరికింది. అంతా ఉర్దూ. గద్వాలలోనే ఉండే ఒక రిటైరైన ఉర్దూ సారు దగ్గరికి తీసుకెళ్తే, కళ్లద్దాలు తుడుచుకుని తీరిగ్గా చదివారు. "కాలం చేసిన నా భార్య అని మూడు జాగల రాసిండమ్మా. పేరైతే ఒక్క జాగల గూడ లేదు" అన్నారు. మగ్గం, అచ్చు, నాడె, ఆఖరికి రాట్నం దాకా పేరుపేరునా రాయించిన మనిషికి భార్య పేరే బరువైపోయిందా అని నేను మండిపడ్డాను. సారు నవ్వారు. "ఆడమనిషి పేరు అత్తగారింట్ల దేవులాడితే దొర్కుతదా? తల్లిగారింటికి పోండ్రి."

ఆ ముక్క మా బుర్రలకు తట్టనే లేదు. మర్నాడే ఇద్దరం వనపర్తి బస్సెక్కాం. అక్కడికి దగ్గర్లోనే పాపత్త తల్లి పుట్టిన ఊరు. ఇప్పుడా ఇంట్లో పాపత్త మేనమామ కొడుకు ఉంటున్నాడు. ఆయనకూ పేరు తెలియదు. కానీ పొలం పాసుపుస్తకాల కింద నుంచి వాళ్ల తాత, అంటే పాపత్త తల్లికి నాన్న, రాయించిన వీలునామా తీసిచ్చాడు. "తెలుగే గని, ఒక్క అక్షరం తెలుస్తలేదు" అన్నాడు. అక్షరాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నడిచే పాతకాలపు గొలుసుకట్టు రాత. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, నాకదొక లెక్కా?

"కాలం చేసిన నా పెద్ద బిడ్డ" అని ఉన్నచోట, పక్కనే పేరుంది. తప్పు చదివాననుకుని మళ్లీ చదివాను. అది దవాఖాన చీటీ మీద పాపత్తకు రాసే పేరే. కింది వరుసలో, "దాని పేరే పెట్టుకున్న మనుమరాలికి నా ఇత్తడి గంగాళం" అని రాసి ఉంది.

"అయ్యో వదినా, గా గంగాళంల మేం బర్రెకు కుడితి పెడ్తున్నం. కడిగిస్త, తీస్కపో" అన్నాడాయన.

పాపత్త గంగాళం వైపు చూడలేదు. "ఇంగోపాలి సదువు" అంది. చదివాను. "ఇంగోపాలి." నాలుగుసార్లు చదివించుకుంది. తరువాత నెమ్మదిగా, "నాయనకు నోరు రాలే గావచ్చు. అందుకే పాపా అన్నడు" అంది. తాత మీద ఎగిరినందుకు నాకు సిగ్గేసింది. ఆయన బిడ్డను పిలవాలంటే, పోయిన భార్యను పిలవాలి మరి.

ఈ పెత్తరమాసకు బియ్యం తనే చేటలో పోసుకుంది. అయ్యగారు ముందు ఇచ్చేవాళ్ల పేరడిగితే కార్డులో పేరు చెప్పింది. తరువాత తల్లి పేరు అడిగారు. పాపత్త మళ్లీ అదే పేరు గట్టిగా చెప్పింది.

"మీ పేరు కాదమ్మా. మీ అమ్మ పేరు చెప్పాలె."

"అమ్మదే అయ్యగారు. ఇన్నేండ్లు నా తాననే ఉండె" అని చేట ముందుకు జరిపింది.